తొంభై తొమ్మిదో నెల

"తొంభై తొమ్మిదులు ఏడబెట్టినవ్ బిడ్డా?"

స్టోర్స్ పెద్దాయన ఈ మాట అడిగినప్పుడు గోడ గడియారంలో పదకొండూ పది. అంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఆ ప్రశ్న వినగానే ఆయన ముఖం చూడలేక నేను గడియారం వైపు చూశాను. నాచారంలోని మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో, మేము కొత్తగా పెట్టిన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. ఆయన చేతిలో ఆ ఉదయం డిపోలకు వెళ్ళిన సరుకు జాబితా ఉంది. వేలు ఒక వరస మీద ఆగిపోయింది.

ప్రశ్న అర్థం కాక కాదు నాకు భయం వేసింది. అర్థమైంది కాబట్టి. ఆ తొంభై తొమ్మిదులను నేను ఎక్కడా పెట్టలేదు. తీసేశాను.

"అవి తప్పు తేదీలనుకున్న సార్," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "తప్పు తేదీలు గావు. నేను కొట్టిన తేదీలు."

ఇది మీకు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. పాత మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల నుంచి కొత్త డేటాబేసులకు మార్చే పనిలోకి ఇప్పుడు చాలామంది కొత్తవాళ్ళు వస్తున్నారు. నేను ఆ పని వదిలేసి ఏడాది దాటింది. పిల్లలు పడుకున్నాక దొరికే ఈ గంటలో మీకోసం రాస్తున్నాను. సలహాలు ఇచ్చేంత పెద్దదాన్ని కాదు. ఒక్క రోజు సంగతి మాత్రం చెప్పగలను.

మాది ఉప్పల్‌లో, ఒక బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో నడిచే చిన్న కంపెనీ. ఆ మందుల కంపెనీకి ఎనభైల్లో కొన్న మెయిన్‌ఫ్రేమ్ ఒకటి ఉండేది. దానిలోని డేటాబేసు వంశవృక్షం లాంటిది. పైన మందు పేరు, దాని కింద ఆ మందు బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్ కింద ఏ డిపోలో ఎన్ని పెట్టెలు ఉన్నాయన్న లెక్క. పైనుంచి కిందికి దిగడమే తప్ప పక్కకు చూడటం దానికి రాదు. దాన్నంతా విప్పి, వరసలూ గడులూ ఉన్న పట్టికల్లోకి మార్చాలి. పాత ప్రోగ్రాములు ఆ పట్టికల మీద నడిచేలా తిరగరాయాలి. ఎనిమిది నెలల పని. నలుగురం. బ్యాచ్‌ల భాగం నాది.

పాతదాంట్లో గడువు తేదీ అంటే ఆరు అక్షరాలు పట్టే ఖాళీ, అంతే. అందులో తేదీ రాసినా, ఇంకేం రాసినా దానికి పట్టింపు లేదు. కొత్త డేటాబేసుకు పట్టింపు ఉంది. పదమూడో నెల అంటే ఒప్పుకోదు, ఆ వరసను తిప్పికొడుతుంది. మొదటిసారి ఎక్కించినప్పుడు అది తిప్పికొట్టిన వరసలు ఒక ఫైల్‌లో పడ్డాయి, మూడు వందలకు పైగా. ఫిబ్రవరి ముప్పైలు ఉన్నాయి, ఖాళీలు ఉన్నాయి, ఎవరో నిద్రమత్తులో కొట్టిన అంకెలు ఉన్నాయి. వాటి మధ్య ఒక పదకొండు చోట్ల రోజు తొంభై తొమ్మిది, నెల తొంభై తొమ్మిది, సంవత్సరం తొంభై తొమ్మిది అని ఉంది.

మా టీమ్ లీడ్ గుంటూరు వైపు ఆయన. మనిషి మంచివాడు, తొందర ఎక్కువ. "శుక్రవారానికి ఆ ఫైల్‌లో సున్నా కనబడాలమ్మా" అన్నాడు. నేను ఒక నియమం రాశాను. తేదీ చెల్లనిదైతే, మందు తయారైన తేదీకి రెండేళ్ళు కలిపి అదే గడువుగా వేయమని. శుక్రవారం మధ్యాహ్నానికి సున్నా వచ్చింది. లీడ్ అందరికీ సమోసాలు తెప్పించాడు. నా సున్నాకి తెప్పించిన సమోసాలని రెండు తిన్నాను.

పాత ప్రోగ్రాములో ఒక వాక్యం ఉండేది. సరుకు పంపే జాబితా తయారుచేసేటప్పుడు, నెల పన్నెండు దాటితే ఆ బ్యాచ్‌ను వదిలెయ్ అని. పక్కన వివరణ ఏమీ లేదు. ఎవరో జాగ్రత్తపరుడు చెత్త రాకుండా రాసుకున్నాడు అనుకున్నాను. చెత్త నేను ఊడ్చేశాను కదా, ఇక ఆ జాగ్రత్త ఎందుకని కొత్త ప్రోగ్రాములో ఆ వాక్యమే రాయలేదు.

ఇందులో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. స్టోర్స్ పని ఎలా జరుగుతుందో పెద్దాయన దగ్గర కూర్చుని రాసుకోవడానికి నాకు రెండు రోజులు ఇచ్చారు. రెండో రోజు మా అత్తమ్మ ఊళ్ళో లేదు. అమ్మాయి స్కూలు బస్సు మూడున్నరకు చిల్కానగర్ మలుపులో దింపుతుంది. మూడింటికి నేను పుస్తకం మూసి లేచాను. "ఇంకొన్ని గుర్తులున్నయ్ బిడ్డా, మిషన్ల రాసి లేనియి" అన్నారాయన. "రేపు ఫోన్ చేసి రాసుకుంటా సార్" అన్నాను. ఆ రేపు మరచిపోయాను. ఆయనా మళ్ళీ అడగలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి, చదువుకున్న పిల్లను ఎన్నిసార్లు అడుగుతారు?

ఇక ఆ బుధవారానికి వస్తాను. అప్పటికి కొత్త సిస్టమ్ మొదలై నాలుగో రోజు.

"మిషన్ల ఆపుడు అనే గడి లేకుండె," పెద్దాయన చెబుతున్నారు. గొంతులో కోపం లేదు, అది నాకు ఇంకా కష్టంగా ఉంది. "ల్యాబ్ల ఫెయిలైన మాలు అప్పటికే డిపోకు పోయి ఉంటే ఎట్ల ఆపాలె? అప్పటి కంప్యూటర్ సాబ్ చెప్పిండు, తారీకుల తొంభై తొమ్మిది కొట్టు, మిషన్ దాన్ని దాటేసి పోతది అని. గప్పటి సంది గదే కొడుతున్న. ఇగో, దీనికి ఇరవై దినాల కింద కొట్టిన."

ఆయన వేలు కింద ఉన్నది పిల్లల జ్వరం సిరప్. ఉప్పల్ డిపోలో నూట నలభై పెట్టెలు.

"దీంట్ల ఏమైంది సార్?"

"మందు అడుగుకు దిగిపోతున్నది. ఎంత ఊపినా కలుస్తలేదు. పైన చెంచాల మందే లేదు, అడుగు చెంచాల మూడింతలున్నది. ల్యాబ్ చీటీ గట్ల ఒచ్చింది."

నాకు ఒక ఇల్లు కనిపించింది. పిల్లకు జ్వరం. తల్లి ఒక చెంచా పోస్తుంది, తగ్గదు. రాత్రికి ఇంకో చెంచా. మూడో రోజుకు సీసా అడుగుకు వస్తుంది. అప్పటికి నా ఇద్దరిలో పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నవాడికి మూడు. చెంచా కొలిచి పోయడం నాకు బాగా తెలిసిన పని.

"మూడు రోజుల నుంచి ఎందుకు రాలేదు మరి ఇది జాబితాలో?" అన్నాను. అది ఆయన్ను అడగడం కాదు, నన్ను నేను ప్రశ్నించుకోవడం. జవాబు కూడా నేనే చూశాను. ముందు గడువు ముగిసే బ్యాచ్‌లు ముందు వెళతాయి. నేను వేసిన కొత్త తేదీ వల్ల దీని వంతు వెనక ఉంది. అయితే రేపు బంద్. రాష్ట్రం కోసం ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి, రెండు వారాలకొక బంద్. బంద్ ముందు రోజు జిల్లాల దుకాణాలు రెట్టింపు సరుకు అడుగుతాయి. ఆ రెట్టింపులో వంతు దీనిదాకా వచ్చింది.

"ఇది ఒక్కటేనా సార్?"

"సరుకు ఉన్నది ఇదొక్కటే అనుకుంటున్న." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని జాబితా తిరగేశారు. "ఇంకోటి ఉండాలె. నంబర్ యాదికొస్తలేదు."

లీడ్‌కు ఫోన్ చేశాను. రెండు నిమిషాల్లో అంతా చెప్పాను.

"కంగారు పడకమ్మా. మెయిన్‌ఫ్రేమ్ నుంచి తీసిన మొదటి ఫైల్ వాళ్ళ హెడ్డాఫీసులో ఉంది. దాన్లో ఆ పదకొండూ ఏవేవో చూసి చెబుతాను. గంట, గంటన్నర పడుతుంది."

"గంటన్నరలో బండ్లు వెళ్ళిపోతాయి. ఇప్పుడే అన్నీ ఆపేద్దాం."

"అన్నీనా? బంద్ ముందు రోజు రాష్ట్రమంతా మందులు ఆపుతానంటావా? రేపు బంద్ అయితే ఎల్లుండి నుంచి మనకి శాశ్వతంగా బంద్. ఆ ఒక్క బ్యాచ్ ఆపు. మిగతాది నే చూసి చెబుతా."

"రెండోది ఏదో తెలియకుండా ఒక్కటి ఆపి కూర్చోనా?"

"గంట ఆగమ్మా," అన్నాడు. పెట్టేశాడు.

ఫ్యాక్టరీ మేనేజర్ హెడ్డాఫీసు మీటింగులో ఉన్నాడు. ఫోన్ ఎత్తడం లేదు. పెద్దాయన ఉప్పల్ డిపోకు ఫోన్ చేశారు. ఉదయం నుంచి రెండు బండ్లు వెళ్ళాయి, మూడోది నింపుతున్నారు, సరుకు బయటికి వదలడానికి కావలసిన గేట్ పాసులు కంప్యూటర్ నుంచి వస్తూనే ఉన్నాయి.

ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే మీకు ఒక మాట చెప్పి ఉంటారు. షరతు రాయకుండా అప్‌డేట్ కొట్టొద్దని. ఫలానా వరసలకే అని చెప్పకపోతే మార్పు పట్టిక మొత్తానికీ జరిగిపోతుంది. మా ఆఫీసులో పొరపాటున ఒకతను అట్లా చేసి రెండు రోజులు భోజనం మానేశాడు. కొత్త పట్టికలో ఆపుడు అనే గడి ఉంది. మేమే పెట్టాం. అన్ని వరసల్లోనూ అది ఖాళీగా ఉంది. దాన్ని నింపితే ఆ బ్యాచ్‌కు గేట్ పాస్ రాదు.

ముందు ఆ పట్టికకు నకలు తీసి పెట్టాను. అంత కంగారులోనూ ఆ ఒక్క బుద్ధి పనిచేసింది. తర్వాత ఒక్క వాక్యం కొట్టాను. అన్ని బ్యాచ్‌లూ ఆపు. షరతు లేదు. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగిపోయాను.

"ఇది కొడితే ఏమైతది?" పెద్దాయన అడిగారు.

"అన్ని డిపోలల్ల గేట్ పాసులు ఆగిపోతయ్ సార్. నన్ను తిడ్తరు."

"తిడ్తె వినుడే గదా. కొట్టు."

కొట్టాను. స్క్రీన్ మీద మారిన వరసల సంఖ్య కనిపించింది, నాలుగు అంకెల్లో. ఎనిమిది నెలల్లో నేను చేసిన అతి పెద్ద మార్పు అదే.

ఐదు నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. పెద్దాయన కుర్చీ లాక్కుని టెలిఫోన్ పక్కన కూర్చున్నారు. "నేను సెప్పుకుంట. నువ్వు డిపోకు పో. వెళ్ళిన బండిల ఆ మాలున్నదేమో సూడు. కాయితం ఇస్త, నా సంతకం సూపిస్తె డిపో ఇన్‌ఛార్జి ఆపుతడు."

ఆటో దొరికింది గాని రోడ్డు దొరకలేదు. రేపు పెట్రోల్ బంకులు మూసేస్తారని హబ్సిగూడ దాకా ప్రతి బంకు ముందూ బండ్లు రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాయి. ఆటో అతను ఇంజన్ ఆపి కూర్చున్నాడు. పది నిమిషాలకొకసారి లీడ్ ఫోన్. మొదటిసారి, "నువ్వు చేసిందేనా?" అన్నాడు. అవునన్నాను. రెండోసారి, "ఎవర్నడిగి చేశావ్?" అన్నాడు. ఎవర్నీ అడగలేదన్నాను. మూడోసారి, "ఫైల్ వస్తోంది, ఉండు" అన్నాడంతే.

ఉప్పల్ డిపో చేరేసరికి పన్నెండూ నలభై. డిపో ఇన్‌ఛార్జి గేటు దగ్గరే ఉన్నాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడు. అందరూ అన్న అనే పిలుస్తారు. సగం నిండిన లారీ, ఖాళీగా కూర్చుని బీడీలు కాలుస్తున్న హమాలీలు, అతని చేతిలో తెరవని గేట్ పాసుల పుస్తకం.

"ఏం మేడం, మీ కొత్త మిషన్ అప్పుడే బంద్ల పాల్గొంటున్నదా? ఒక్కరోజు ముందే మొదలువెట్టింది."

కాగితం ఇచ్చాను. చదివాక నవ్వు పోయింది.

"గిది లిస్టుల ఉన్నది. గేట్ పాస్ ఒచ్చింది. పంపిచ్చిన," అన్నాడు.

"నీ తప్పు కాదన్నా. నాది. ఎన్ని పోయినయ్?"

"నూరు పెట్టెలు గీడనే ఉన్నయ్. నలభై వరంగల్ బండిల పోయినయ్, పదిన్నరకు." తల గోక్కున్నాడు. "మూడు వారాల నుంచి గా బ్యాచ్ కదలలే మేడం. ఇయ్యాల ఒచ్చేసరికి, ఫెయిల్ మాలు పాసయిందేమో అనుకున్న. అడుగుదామనుకున్న. కంప్యూటర్ కొత్తది గదా, దానికి తెలుస్తది అనుకున్న."

వరంగల్ బండి డ్రైవర్‌కు ఫోన్ చేయమన్నాను.

డ్రైవర్ ఫోన్ స్విచ్చాఫ్. ఆగి ఆగి చేశాడు, అదే మాట. పదిన్నరకు బయలుదేరిన లారీ అంటే ఈపాటికి భువనగిరి దాటి ఉండాలి. ఇంకో గంటలో జనగామలో దింపడం మొదలుపెడుతుంది. అక్కడ మా పెద్దమ్మ వాళ్ళుంటారు. ఆ ఊరి మందుల దుకాణాలు నాకు పేరుపేరునా తెలుసు. చీకటి పడేలోపు సగం సీసాలు ఇళ్ళలోకి వెళ్ళిపోతాయి, రేపు బంద్ కాబట్టి మనం వెళ్ళి తేలేం.

"డీజిల్ పోయించుకోలే వాడు," డిపో అన్న ఉన్నట్టుండి అన్నాడు. "నిన్ననే చెప్పిన, పోయించుకొని రా అని. రాలే. అంటే దారిల పోయించుకోవాలె. మేడం, ఎక్కుండ్రి."

అతని బండి మీద వరంగల్ రోడ్డు పట్టాం. అతను గుంతలు తప్పిస్తూ నడుపుతున్నాడు. "గట్టిగ పట్టుకోండ్రి. ఇది కంప్యూటర్ల లెక్క సాఫ్ ఉండదు," అన్నాడు. మొదటి బంకు దగ్గర మా లారీ లేదు. రెండో బంకులో డీజిల్ అయిపోయిందని తాడు కట్టేశారు. బోడుప్పల్ దాటాక మూడోది. రోడ్డు అంచున లారీల వరస, చివర కనబడటం లేదు. నేను ఒక్కో లారీ వెనక నంబరు చదువుతూ వెళ్ళాను. పదిహేనో పదహారో అయ్యాక అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది.

డ్రైవర్ లారీ నీడలో తువ్వాలు పరుచుకుని పడుకుని ఉన్నాడు.

"ఏం రా, ఫోన్ ఏమైంది?" అన్నాడు డిపో అన్న.

"చార్జింగ్ లేదన్నా. గీడ నిలబడి రెండు గంటలాయె. ముంగట ఇంకా ఇరవై బండ్లున్నయ్."

"గా సిరప్ పెట్టెలు దించాలె."

"దించుకోండ్రి. లైన్ల నా నంబర్ మాత్రం పోవద్దు," అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

నేను రోడ్డు పక్కన ఆ మట్టిలో కూర్చుండిపోయాను. ఏడ్చానేమో గుర్తు లేదు. డిపో అన్న లారీ పైకెక్కి పెట్టెలు లెక్కపెడుతున్నాడు. కిందికి దిగాక అతని ముఖం చూసి లేచి నిలబడ్డాను.

"ముప్పై అయిదే ఉన్నయ్."

డ్రైవర్ ఈసారి లేచి కూర్చున్నాడు. "అయిదు ఉప్పల్ల హోల్‌సేల్ దుకాణంల దించిన గదన్నా. లిస్టుల ఫస్టు అదే ఉన్నది."

అక్కడ ఉండగానే లీడ్ ఫోన్ వచ్చింది. "ఫైల్ చూశాను. పదకొండులో పదింటికి ఎక్కడా సరుకు లేదు. ఎప్పుడో నాశనం చేసిన బ్యాచ్‌లు. బతికున్నది ఆ ఒక్కటే. మిగతావన్నీ విడిచిపెట్టేస్తున్నా." తర్వాత, "ఎక్కడున్నావ్, అన్నం తిన్నావా?" అని అడిగాడు. ఆ రోజు నన్ను ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదే. ఐదు పెట్టెలు తక్కువున్నాయని చెప్పి పెట్టేశాను.

ఉప్పల్ హోల్‌సేల్ దుకాణంలో నాలుగు పెట్టెలు కట్టు విప్పనివి ఉన్నాయి. ఐదోది తెరిచారు. అందులోంచి పది సీసాలు లాలాపేటలోని ఒక చిన్న మందుల దుకాణానికి అప్పటికే వెళ్ళిపోయాయి. మేము లాలాపేట చేరేసరికి సాయంత్రం ఐదు. బంద్ భయంతో దుకాణం ముందు జనం గుమిగూడి ఉన్నారు. తోసుకుని వెళ్ళి అడిగాను. దుకాణదారు అరలోంచి సీసాలు తీసి ఒక్కొక్కటే గాజు బల్ల మీద పెట్టాడు. తొమ్మిది.

"పదోది?"

"అమ్మిన. గంటాయె."

"ఎవరికి?"

"పేరు తెల్వదమ్మా. ఫ్లైఓవర్ అవతల నుంచి ఒస్తది. చంకల పోరడుంటడు. కాతాదారు గాదు, నగదుకు కొనుకపోయింది."

డిపో అన్నా నేనూ ఫ్లైఓవర్ అవతల గల్లీల్లో చీకటి పడేదాకా అడిగాం. చంకలో పిల్లవాడున్న తల్లి అంటే ఆ గల్లీల్లో ఇంటికొకరు. ఒకామె, "నేనే గావచ్చు, ఏమిస్తరు?" అని నవ్వింది. ఎందుకో చెప్పకుండా తలుపులు కొట్టడం కుదరదు, మందు బాగాలేదని గల్లీలో అరిస్తే ఏమవుతుందోనని భయం. డిపో అన్న నన్ను చిల్కానగర్‌లో దింపి, "రేపు పొద్దుగాల నేను ఒస్త మేడం. బంద్ల నా బండిని ఎవడాపడు, అందరు మనోళ్ళే" అన్నాడు.

ఇక్కడ వరస తప్పుతున్నాను. ఆ సీసా దొరికింది. మర్నాడు మధ్యాహ్నం, బంద్ నడుస్తుండగా, రైల్వే గోడ పక్కన ఒక ఇంట్లో. సీలు తీయలేదు. పిల్లవాడికి జ్వరం కూడా లేదు. బంద్‌కు దుకాణాలు మూస్తారు కదా, అవసరమైతే దొరకదేమోనని ముందే తెచ్చిపెట్టుకుందట. ఆమె అంత ముందుచూపుతో ఉండబట్టి నేను ఇదంతా కూర్చుని రాయగలుగుతున్నాను. ఇందులో నా తెలివి ఏమీ లేదు. లారీ డ్రైవర్ ముందురోజే డీజిల్ పోయించుకుని ఉంటే, ఆమె పిల్లవాడికి ఆ సాయంత్రమే ఒళ్ళు కాలి ఉంటే, ఇది వేరే కథ. అప్పుడు నేను రాసేదాన్నీ కాను.

వారం తర్వాత నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా అన్ని డిపోల సరుకు రెండు గంటలు ఆపినందుకు. తేదీలు మార్చినందుకు రాలేదు, ఎందుకంటే ఆ నియమాల జాబితా మందుల కంపెనీకి పంపినప్పుడు వాళ్ళు ఓకే అని జవాబిచ్చారు. నలభై నియమాల్లో అది ముప్పై మూడోది. ఎవరూ చదవలేదు. మా లీడ్ మాత్రం అందరి ముందూ, "ఆ నియమం నాకు చూపించే రాసింది, తప్పు నాది కూడా" అన్నాడు. ఆయనకు చూపించినట్టు నాకు గుర్తు లేదు. మెమో నా చేతికి ఇస్తూ, "ఫ్రేము కట్టించుకో తల్లీ" అన్నాడు. పెద్దాయన దగ్గర ఇంకో రెండు రోజులు కూర్చున్నాను. ఇంకా ఏడు గుర్తులు బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఎందుకు కొడుతున్నారో ఆయనకే తెలియదు. అది కూడా రాసుకున్నాను.

తిప్పికొట్టిన వరసల ఫైల్ సున్నా అయిన రోజు మీ ఆఫీసులో కూడా సమోసాలు తెప్పిస్తారు. తినండి, తప్పు లేదు. కాకపోతే అంతకుముందు ఆ వరసల్లో కాస్త వింతగా ఉన్నదాన్ని పట్టుకుని, దీన్ని కొట్టిన మనిషి ఎవరు, ఇంకా ఉద్యోగంలో ఉన్నారా అని అడగండి. ఉంటే వెళ్ళి కూర్చోండి. మూడింటికి లేవాల్సివస్తే నాలుగో రోజైనా మళ్ళీ వెళ్ళండి.

ఆ గురువారం పొద్దున్న మాత్రం ఇవేవీ నాకు తెలియవు. ఆ సీసా ఎక్కడో ఒక ఇంట్లో ఉందని ఒక్కటే తెలుసు. తెల్లవారకముందే లేచి అన్నం వండి పెట్టాను. చెప్పులు వేసుకుంటుంటే అమ్మాయి లేచి వచ్చింది, వెనకే దుప్పటి ఈడ్చుకుంటూ తమ్ముడు.

"అమ్మా, ఇయ్యాల బంద్ గదా. ఆఫీసు లేదు గదా. ఏడికి పోతున్నవ్?"

ఏదో ఒకటి చెప్పి వెళ్ళిపోవచ్చు. రోజూ అట్లా ఎన్నో చెబుతాం. ఆ రోజు నోరు రాలేదు.

"నిన్న అమ్మ ఆఫీసుల ఒక తప్పు చేసింది బిడ్డా," అన్నాను. "దాంతోని ఒక చిన్న పిల్లగాని ఇంటికి మంచిగ లేని మందు పోయింది."

"మరి వాళ్ళమ్మకు తెల్వదా?"

"తెల్వదు. మంచిదనుకుంటది."

"వాళ్ళిల్లు నీకు తెలుసా?"

"తెల్వదు. ఇంటింటికీ పోయి అడుగుత. దొరికేదాక రాను. ఆకలైతే నానమ్మనడిగి తినండి, నా కోసం సూడకుండ్రి."

గేటు బయట డిపో అన్న హారన్ కొట్టాడు.